నర్సమ్మ చేతిలో ట్యాబు: తెగని నైతిక ప్రశ్నలు

కర్నూలు జిల్లా కోడుమూరు మండలంలోని ఏ పల్లెలోనైనా ఏఎన్ఎం (పల్లె ఆరోగ్య నర్సు) ఒక ఇంటి అరుగు మీద కూర్చుంటే సంచిలోంచి బీపీ మిషను తీస్తుంది, రక్తపరీక్ష స్ట్రిప్పులు తీస్తుంది, ఆ తరువాత ట్యాబో ఫోనో తీస్తుంది. మొదటి రెండూ ఎదురుగా ఉన్న మనిషి కోసమని ఎవరికైనా తెలుసు. మూడోది ఎవరి కోసమన్నదాని మీద పదిహేనేళ్లుగా వాదన నడుస్తోంది. రోగి కోసమే, పాత వివరాలు లేకుండా మంచి వైద్యం ఎలా సాధ్యమని ఆరోగ్యశాఖ అంటుంది. ప్రజల ఒంటి గుట్టు సర్కారు ఖజానాలోకి చేరుతోందని గోప్యత కోసం పోరాడేవారంటారు. మేం నర్సులుగా చేరాం, డేటా ఎంట్రీ ఆపరేటర్లుగా కాదని ఉద్యోగ సంఘాలంటాయి.

ఈ మూడు మాటలూ మూడు వేర్వేరు సంగతుల గురించినవి: రోగి రహస్యం, వైద్య నిర్ణయం నాణ్యత, ఉద్యోగి మీద పడే భారం. మూడింటినీ ఒకే పేరుతో చర్చిస్తున్నందువల్లే ముడి ఇంతగా బిగిసింది. పైగా వైద్య నైతికత గురించి రాసేవారి కళ్లముందు ఎప్పుడూ డాక్టరే ఉంటాడు. పేరు కొట్టేది, ఒప్పుకున్నారని టిక్కు పెట్టేది, అలారం మోగితే పరుగెత్తేది, పొరపాటు జరిగితే మెమో అందుకునేది మాత్రం నర్సు. ఏఎన్ఎం కావచ్చు, వార్డులో స్టాఫ్ నర్సు కావచ్చు, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) కావచ్చు. అందుకే ఈ సమీక్ష వాదాలన్నిటినీ ఆమె కూర్చున్న చోటు నుంచి చూస్తుంది.

రిజిస్టరు నుంచి సర్వరు దాకా

1973లో కర్తార్ సింగ్ కమిటీ సిఫారసులతో ఏఎన్ఎం ఒక్క కాన్పుల పనికే కాక అన్ని పనులకూ బాధ్యురాలైంది. ఆ రోజు నుంచే ఆమె సంచిలో రిజిస్టర్లు పెరిగాయి. గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, అర్హులైన దంపతుల రిజిస్టరు. అవి సబ్ సెంటర్ బీరువాలో ఉండేవి. వాటిని చూడాలంటే మనిషి ఆ ఊరికి రావాలి, తాళం తీయించాలి. గోప్యతను కాపాడింది అప్పట్లో ఏ చట్టమూ కాదు, ఆ దూరమే.

తెలుగు నేల ఈ మార్పులో దేశానికంటే ముందు నడిచింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సేవ మొదలైంది. 2007లో 104 ఫోన్ సలహా వచ్చింది, ఆ వెంటనే పల్లెలకు నెలకోసారి తిరిగే 104 బండ్లు వచ్చాయి. అదే 2007లో ఆరోగ్యశ్రీ మొదలై, రోగి వివరాలు ఆన్‌లైన్‌లో పంపి అనుమతి తెచ్చుకునే పద్ధతి ఆసుపత్రులకు అలవాటైంది. కేంద్రం 2009లో తల్లీబిడ్డల ట్రాకింగ్ వ్యవస్థను తెచ్చింది. గర్భిణుల లెక్క అంకెగా కాకుండా పేరుగా, ఫోన్ నంబరుగా ఢిల్లీ చేరడం దానితో మొదలు. తరువాత తల్లీబిడ్డల ఆరోగ్యానికి ఆర్‌సీహెచ్ పోర్టల్ వచ్చింది. 2016లో ఏఎన్ఎంల చేతికి ట్యాబు ఇచ్చే అన్‌మోల్ యాప్ ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టింది. 2019 నవంబరులో ఈ-సంజీవని టెలిమెడిసిన్‌ను హెల్త్ సెంటర్లలో దేశంలో మొట్టమొదట ప్రారంభించిందీ ఈ రాష్ట్రమే.

ఆ తరువాత అంతా వేగమే. 2020 ఆగస్టు 15న జాతీయ డిజిటల్ హెల్త్ మిషన్‌ను ప్రకటించారు, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించారు. మనిషి ఆరోగ్య రికార్డులను కలిపే పద్నాలుగు అంకెల ఆభా నంబరు వచ్చింది. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటి హెల్త్ ప్రొఫైల్ చేపట్టింది. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని మొదలుపెట్టి, పదివేలకు పైగా విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివిన సీహెచ్‌వోలను కూర్చోబెట్టింది. 2024 నవంబరులో ఎన్‌సీడీ-సీడీ 3.0 (అంటని, అంటు జబ్బుల) సర్వే మొదలై బీపీ, షుగరుతో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ప్రశ్నలూ గడప దాకా వచ్చాయి. 2025లో కుప్పంలో రోగుల రికార్డులను అనుసంధానించే డిజిటల్ నెర్వ్ సెంటర్ వెలిసింది. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి. ట్యాబులో వివరాలు కొట్టే మనిషి మాత్రం మారలేదు.

ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది?

డిజిటల్ ఆరోగ్యం మీద జరిగే నైతిక చర్చలన్నిటికీ నడుమ ఉన్న మాట సమ్మతి. ఆభా నంబరు తీసుకోవడం స్వచ్ఛందమని నిబంధన. 2020 డిసెంబరులో వచ్చిన హెల్త్ డేటా మేనేజ్‌మెంట్ పాలసీ ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా ఇవ్వాలి, ఏ పని కోసమో తెలిసి ఇవ్వాలి, కావాలంటే వెనక్కి తీసుకోగలగాలి. కాగితం మీద ఇంతకంటే మంచి నిబంధన రాయడం కష్టం.

అరుగు మీద జరిగేది చూద్దాం. ఏఎన్ఎం ఆధార్ నంబరు కొడుతుంది. స్క్రీను మీద సమ్మతి వాక్యాలు వస్తాయి. చిన్న అక్షరాలు, చదివి వినిపించాలంటే రెండు మూడు నిమిషాలు పడుతుంది. కింద టిక్కు పెట్టే గడి. టిక్కు పెట్టేది రోగి కాదు, ఏఎన్ఎం వేలు. ఓటీపీ వెళ్లేది ఆధార్‌కు ముడిపెట్టిన ఫోనుకు, చాలా ఇళ్లలో అది మగమనిషి ఫోను. "మా ఆయన ఫోనుకు వచ్చింటాది మేడం" అన్న జవాబు ఈ ప్రాంతపు ఏఎన్ఎంలకు కొత్త కాదు. ఆ మనిషి సుగ్గికి (వలస కూలికి) పోయి గుంటూరు మిరపచేలల్లో ఉంటాడు. ఆయనకు ఫోన్ చేసి, ఆరు అంకెలు చెప్పించుకుని, గడువు దాటకముందే కొట్టాలి. ఇప్పుడు సమ్మతి ఇచ్చింది ఎవరు? ఒంటి వివరాలు ఆమెవి, అంకెలు చెప్పింది అతను, టిక్కు పెట్టింది నర్సు.

సమ్మతిని ఇంకొకరు ఇచ్చేయడం తెలుగువారికి ఇదివరకే చేదు అనుభవం. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో గిరిజన హాస్టళ్ల బాలికలకు టీకాలు వేసినప్పుడు, చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారని తేలింది. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. అక్కడ కనీసం ఒక కాగితం మిగిలింది, ఎవరు సంతకం చేశారో చూసి నిలదీయడానికి వీలైంది. టిక్కు గడిలో ఆ గుర్తు కూడా ఉండదు. కోవిడ్ టీకాల నమోదు వేదిక కొవిన్‌లో ఆధార్ చూపి టీకా వేయించుకున్న చాలామందికి వాళ్లకు తెలియకుండానే హెల్త్ ఐడీ తయారైందని 2021లో వార్తలు వచ్చాయి. టీకా బల్ల దగ్గర కూర్చున్న నర్సులకైనా ఆ సంగతి ముందే చెప్పారా అన్నది అప్పట్లో పెద్దగా ఎవరూ అడగలేదు. అడగాల్సిన ప్రశ్న అదే. తనకు తెలియని విషయానికి నర్సు ఎదుటి మనిషి నుంచి ఒప్పుదల ఎలా తీసుకుంటుంది?

అయితే కాగితాన్ని మెచ్చుకుని ఊరుకోవడమూ సరికాదు. సుగ్గికి పోయే ఇల్లాలి ఎంసీపీ (తల్లీబిడ్డల రక్షణ) కార్డు ఇంట్లో పెట్టెలో ఉండిపోతుంది. ఏడో నెలలో గుంటూరు వైపు ఏదో ఊరి పీహెచ్‌సీకి వెళితే, హిమోగ్లోబిన్ ఎంత ఉండేదో, రక్తం గ్రూపు ఏమిటో అక్కడి నర్సుకు తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మనిషితో పాటు రికార్డు కదలడం ఎక్కడికీ కదలని ఉద్యోగి కుటుంబానికి సౌకర్యం. కోడుమూరు, గోనెగండ్ల, కోసిగి కూలీ కుటుంబానికి అది ప్రాణావసరం. గోప్యత పేరుతో మొత్తాన్నీ వద్దనేవారు ఈ ఒక్క సంగతికి జవాబు చెప్పాలి.

వయసు గడి

ఫారంలో అన్నిటికంటే చిన్న గడి, అన్నిటికంటే బరువైన గడి వయసుది. రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని, 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భిణులో అయ్యారని అదే సర్వే లెక్క. పదిహేడేళ్ల అమ్మాయి మూడో నెలలో అరుగు మీద కూర్చుంది. పోర్టల్‌లో పేరు ఎక్కితేనే ఐరన్ మాత్రలు, స్కానింగ్, హై రిస్క్ గుర్తింపు, కాన్పుకు 108 బండి అన్నీ సాఫీగా జరుగుతాయి. అసలు వయసు రాస్తే?

2017 అక్టోబరు 11న ఇండిపెండెంట్ థాట్ కేసులో సుప్రీంకోర్టు, భార్య అయినా పద్దెనిమిది లోపు వయసుంటే సంభోగం అత్యాచారమేనని తేల్చింది. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం అలాంటి సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. అంటే పదిహేడు అని కొట్టిన మరుక్షణం నర్సు ఆ ఇంటి మగపిల్లవాడి మీద కేసుకు దారి వేసినట్టే. ఆ ఇల్లు ఇక తలుపు తీయదు. పక్కింట్లో అలాంటి పిల్ల ఉంటే ఆమెనూ దాచేస్తారు. పందొమ్మిది అని కొడితే రికార్డు అబద్ధం. చిన్న వయసు గర్భానికి ఇవ్వాల్సిన ప్రత్యేక శ్రద్ధ ఆమెకు అందదు, తరువాత ఏమైనా అయితే తప్పుడు ఎంట్రీ చేసింది నర్సే.

కాగితం రిజిస్టరు రోజుల్లోనూ ఈ ఇరకాటం ఉంది. కానీ అప్పుడు తీసుకున్న నిర్ణయం ఆ ఊళ్లోనే ఉండేది. ఆధార్ పుట్టిన తేదీ తనంతట తాను వచ్చి కూర్చునే స్క్రీను మీద ఆ వెసులుబాటు లేదు. 2022 సెప్టెంబరు 29 తీర్పులో సుప్రీంకోర్టు కొంత దారి చూపింది. మైనరు గర్భస్రావం కోరి వచ్చినప్పుడు, ఆమె, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో పేరు, గుర్తింపు చెప్పనవసరం లేదంది. కానీ ఆ వెసులుబాటు గర్భం తీయించుకునే సందర్భానికి, అదీ డాక్టరుకు. గర్భం నిలుపుకుని కాన్పు కోరే మైనరుకు, ఆమె పేరు నమోదు చేసే ఏఎన్ఎంకు అలాంటి రక్షణ లేదు. ఈ మొత్తం చర్చలో నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే. చట్టం రెండు మంచి పనులు తలపెట్టింది: పసిపిల్లలను కాపాడాలి, ప్రతి గర్భిణినీ ఆసుపత్రికి చేర్చాలి. రెండూ ఢీకొనే చోట ఒక చిరుద్యోగిని నిలబెట్టి, ఏది మేలో నువ్వే తేల్చుకో అంది.

నాలుగు వాదాలు, వాటి బలాబలాలు

మొదటిది ప్రజారోగ్య వాదం. లెక్కలో లేని మనిషికి సేవ అందదు, కాబట్టి లెక్కించడమే మొదటి ధర్మం అంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018-20 నాటికి ప్రసూతి మరణాలు లక్ష సజీవ జననాలకు 45కు తగ్గాయి, దేశ సగటు 97. ఈ తగ్గుదల యాప్‌ల వల్లేనని చెప్పలేం. ఆసుపత్రి కాన్పులు, 108 బండ్లు, రక్తనిధులు అన్నీ అందులో ఉన్నాయి. కానీ పేరుపేరునా గర్భిణులను వెంబడించే పద్ధతికి అందులో భాగమే లేదనడమూ కుదరదు. ఈ వాదంలో లోపమల్లా, లెక్కించిన తరువాత ఆ లెక్క ఎవరి చేతుల్లోకి పోతుందో పట్టించుకోకపోవడం.

రెండోది సూత్రాల వాదం. 1979లో బోచాంప్, చైల్డ్రెస్ రాసిన గ్రంథంతో స్థిరపడ్డ నాలుగు సూత్రాలు నర్సింగ్ కళాశాలల్లో అందరూ చదివేవే: రోగి స్వేచ్ఛ, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయం. భారత నర్సింగ్ కౌన్సిల్ 2006లో ఇచ్చిన నైతిక నియమావళి, అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో మొదలుపెట్టి 2021లో సవరించిన నియమావళి కూడా చాలావరకు ఈ బాటలోనివే. 2021 సవరణ కృత్రిమ మేధ, రోబోల దాకా వెళ్లి, టెక్నాలజీ మానవ సంబంధానికి తోడుగా ఉండాలే కానీ దాని చోటు ఆక్రమించకూడదంది. ఈ వాదం స్పష్టంగా ఉంటుంది, పరీక్షల్లో రాయడానికి వీలుగా ఉంటుంది. కానీ ఒక రోగి, ఒక నర్సు, ఒక నిర్ణయం అనే గదిలో పుట్టింది. అత్త, భర్త, ఆశా కార్యకర్త, పక్కింటివాళ్లు అందరూ వింటుండగా అరుగు మీద జరిగే సంభాషణకు ఆ సూత్రాలు ఎలా వర్తిస్తాయో చెప్పదు. రొమ్ములో గడ్డ ఉందా అన్న ప్రశ్నను ఆ అరుగు మీద అడగాల్సి వచ్చినప్పుడు గోప్యత పోయేది సర్వరులో కాదు, అక్కడే.

మూడోది సంరక్షణ నైతికత. 1982లో కరోల్ గిలిగన్, 1993లో జోన్ ట్రొంటో ముందుకు తెచ్చిన ఈ ఆలోచన సూత్రాలకంటే సంబంధానికి పెద్దపీట వేస్తుంది. నర్సింగ్ సిద్ధాంతకారులు దీన్ని తమదిగా చేసుకున్నారు. నర్సులకూ యంత్రాలకూ మధ్య సంబంధం మీద మార్గరెట్ శాండెలోస్కీ 2000లో చేసిన చారిత్రక పరిశీలన కూడా చదవదగింది. థర్మామీటరు నుంచి మానిటరు దాకా ప్రతి పరికరం నర్సుకు కొంత గౌరవం తెచ్చిందనీ, అదే సమయంలో రోగి నుంచి కంటిచూపును పక్కకు తిప్పిందనీ ఆమె చూపించింది. ఏఎన్ఎం తల వంచి సర్వరు తిరుగుతోందా లేదా అని చూస్తూ ఉంటే, ఎదురుగా కూర్చున్న బాలింత ముఖంలో నీరసం ఎవరు చూస్తారు? ఈ వాదం ఆ ప్రశ్నను సూటిగా అడుగుతుంది. ఒక ప్రమాదం కూడా ఉంది. ప్రేమగా చూసుకోవడం నర్సు స్వభావమని మరీ మరీ చెబితే, జీతం లేని అదనపు పనికి అదే సాకవుతుంది.

నాలుగోది శ్రమ వైపు నుంచి వచ్చిన వాదం. ఇది పుస్తకాల్లో పుట్టలేదు, ధర్నా శిబిరాల్లో పుట్టింది. 2021లో హర్యానా ఆశా కార్యకర్తలు తమ ఫోన్లలో వేయమన్న ఎండీఎం 360 షీల్డ్ యాప్‌ను తమ మీద నిఘాగా చూసి నిరాకరించారు. అదే ఏడాది మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు పనిచేయని ఫోన్లను తిరిగి ఇచ్చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ముఖం చూపి హాజరు వేసుకునే యాప్ వచ్చాక, సిగ్నల్ లేని ఊళ్లో రోజంతా పనిచేసినా హాజరు పడలేదన్న ఫిర్యాదులు క్షేత్ర సిబ్బంది నుంచి వస్తూనే ఉన్నాయి. రోగి గోప్యత గురించి మాట్లాడే మేధావులు ఉద్యోగి గోప్యతను మరిచారని ఈ వాదం గుర్తుచేసింది. ఆ మాట నిజం. కానీ దీన్ని ఒక్కటే పట్టుకుంటే రోగి చర్చలోంచి జారిపోతాడు.

పక్కపక్కన పెడితే తేడా తేలిగ్గా కనబడుతుంది. మొదటి వాదానికి తప్పంటే ఎవరో ఒకరు లెక్కలోంచి జారిపోవడం. రెండోదానికి అడగకుండా తీసుకోవడం, మూడోదానికి మనిషిని చూడకుండా స్క్రీనును చూడటం, నాలుగోదానికి పనిచేసేవారి మీద నమ్మకం లేకపోవడం. నాలుగు తప్పులూ ఒకే పూట, ఒకే అరుగు మీద జరగగలవు. అందుకే ఏ ఒక్క వాదంతోనూ పని జరగదు.

యంత్రం సలహా చెబితే

ట్యాబు రాసుకోవడంతో ఆగడం లేదు, సలహా కూడా చెబుతోంది. ఇక్కడ ఊహలకంటే పరిశోధనలు ఎక్కువ ఉపయోగం. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీల పరిధిలో స్మార్ట్‌హెల్త్ అనే పెద్ద పరీక్ష చేశారు. ఆశా కార్యకర్తలకు గుండెజబ్బు ముప్పు లెక్కగట్టే ట్యాబులు ఇచ్చారు. 2019లో ఫలితాలు వచ్చాయి. ముప్పున్నవారిని వెంటబడి చూడటం పెరిగింది. బీపీ అదుపులోకి రావడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. జబ్బు కనిపెట్టడానికి ట్యాబు చాలు, తగ్గించడానికి డాక్టరు, క్రమం తప్పని మాత్రలు, రోగి చేతిలో కాస్త తీరిక కావాలి. మందు ఇవ్వలేనప్పుడు జబ్బు పేరు చెప్పి రావడం నైతికంగా ఎంతవరకు సబబు? నర్సులు ఇంటింటి సర్వేల్లో రోజూ ఎదుర్కొనే ప్రశ్న ఇది.

థాయ్‌లాండ్‌లో పదకొండు క్లినిక్‌లలో మధుమేహుల కంటిపొర ఫొటోలు చూసి చెప్పే గూగుల్ వ్యవస్థను నర్సుల చేతికిచ్చారు. వెలుతురు సరిగా లేక ఐదో వంతుకు పైగా ఫొటోలను యంత్రం తిరస్కరించిందని 2020లో తెలిసింది. నర్సు కంటికి ఫొటో బాగానే కనబడినా, యంత్రం కాదంది కాబట్టి రోగిని దూరపు ఆసుపత్రికి పంపాలి. ఒక రోజు కూలి పోతుంది. అమెరికాలో ఎపిక్ సంస్థ సెప్సిస్ హెచ్చరిక వ్యవస్థను 2021లో మిషిగన్ పరిశోధకులు పరీక్షిస్తే, అది మూడింట రెండు వంతుల సెప్సిస్ కేసులను పట్టుకోలేదని, పైగా ఊరికే ఎన్నో హెచ్చరికలు మోగించిందని తేలింది. నల్లజాతివారిలో ఆక్సిజన్ పడిపోయిన సంగతిని పల్స్ ఆక్సీమీటరు తెల్లవారిలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపెట్టలేకపోతోందని 2020 డిసెంబరులో ఇంకో అధ్యయనం చెప్పింది. కోవిడ్ కాలంలో మన ఇళ్లన్నిటికీ చేరిన పరికరం అది. ఎండలో పనిచేసే రాయలసీమ కూలీ వేలికి పెట్టినప్పుడు 95 అంకె ఎంత నమ్మదగిందో మన నర్సింగ్ పాఠాల్లో చెప్పాల్సిన విషయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 జూన్‌లో, భారత వైద్య పరిశోధన మండలి 2023లో కృత్రిమ మేధకు నైతిక మార్గదర్శకాలు ఇచ్చాయి. నిర్ణయం మనిషిదే కావాలని రెండూ అన్నాయి. ఏ మనిషిది? 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, సంప్రదింపులో హెల్త్ వర్కరు రోగి సమ్మతి తీసుకోవాలి, పరిమితులు వివరించాలి, రోగి స్థితిని డాక్టరుకు చెప్పాలి. మందు నిర్ణయించేది డాక్టరు. స్క్రీను అవతలి డాక్టరు రెండు నిమిషాల్లో చెప్పిన మందు మీద సీహెచ్‌వోకు అనుమానం వస్తే, వద్దనే అధికారం గురించి అవి గట్టిగా ఏమీ చెప్పవు.

లెక్కకు ముడిపడిన జీతం

జాతీయ ఆరోగ్య మిషన్ నియమాల్లో సీహెచ్‌వోకు నెలకు 25,000 రూపాయల వరకు జీతం, ఆపైన పని సూచికలను బట్టి 15,000 దాకా ప్రోత్సాహకం. సూచికలంటే ఇన్ని స్క్రీనింగులు, ఇన్ని టెలి సంప్రదింపులు, ఇన్ని ఫాలోఅప్‌లు. అన్నీ పోర్టల్‌లో కనిపించేవే. కొలిచిన బీపీనీ, అందాజుగా రాసిన 120/80నీ పోర్టల్ విడదీయలేదు. పెండింగ్ జాబితాలో పేర్లు ఎర్రగా కనబడుతుంటే, సాయంత్రం రివ్యూ మీటింగులో మండలాల వారీ ర్యాంకులు చదువుతుంటే, నిజాయితీగల నర్సు మీద కూడా ఒత్తిడి ఎటు లాగుతుందో చెప్పనక్కరలేదు. దాన్ని వ్యక్తిగత అవినీతిగా చూడటం తప్పు. లెక్క కోసం లెక్కను అడిగిన వ్యవస్థ లోపం అది.

ఈ వాదాలన్నీ చదివాక నాకు మిగిలిన గట్టి అభిప్రాయం ఒకటే. ఏ డిజిటల్ వ్యవస్థ నైతికతనైనా తూచడానికి దాని గోప్యతా పత్రం ఎంత పొడవుందో చూడనక్కరలేదు. "ఈమె ఒప్పుకోలేదు", "స్ట్రిప్పులు అయిపోయాయి, పరీక్ష చేయలేదు", "మనిషి ఊళ్లో లేదు" అని నర్సు నిజం రాయగలదా, అలా రాసినందుకు ఆమె జీతం కోతపడకుండా, మెమో రాకుండా ఉంటుందా అన్నది చూడాలి. కాదనే గడి లేని చోట అవునన్న గడికి విలువ లేదు. సమ్మతి ప్రశ్న, వయసు ప్రశ్న, యంత్రం సలహా ప్రశ్న మూడూ ఇక్కడే కలుస్తాయి: బాధ్యత నర్సుకిచ్చి, కాదనే అధికారం ఇవ్వకపోవడం.

చట్టాలు తలో దారి

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కన్నారు. అదే ఏడాది రెండు చట్టాలు వచ్చాయి. హెచ్ఐవీ చట్టం ఒకరి హెచ్ఐవీ స్థితి బయటపెట్టాలంటే వారి రాతపూర్వక సమ్మతి కావాలంది. మానసిక ఆరోగ్య చట్టం డిజిటల్ రికార్డులకు కూడా గోప్యత వర్తిస్తుందని స్పష్టంగా చెప్పింది. ఇవి రెండూ కచ్చితమైనవి, నర్సుకు అర్థమయ్యేవి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంత సూటిగా లేదు. పాత ముసాయిదాల్లో ఆరోగ్య సమాచారానికి సున్నితమైన డేటా అనే ప్రత్యేక తరగతి ఉండేది, ఈ చట్టంలో అది లేదు. ప్రభుత్వం సేవలు, ప్రయోజనాలు అందించడానికి డేటా వాడుకోవాలంటే కొన్ని షరతులకు లోబడి సమ్మతి అక్కర్లేదని ఏడో సెక్షన్ చెబుతుంది. అంటే హెల్త్ మిషన్ పాలసీ సమ్మతి తప్పనిసరి అంటుంటే, దేశ చట్టం సర్కారుకు చాలా సందర్భాల్లో అవసరం లేదంటోంది. ఏఎన్ఎం దేన్ని పాటించాలి? పైగా చాలామంది సొంత ఫోన్లలో యాప్‌లు వాడతారు. హై రిస్క్ గర్భిణుల జాబితాలు పేర్లతో సహా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. పైఅధికారి అడిగిన జాబితాను గ్రూపులో పెట్టడం ఆమె తప్పు అవుతుందా, అడిగినవారి తప్పు అవుతుందా?

డేటా బయటపడటం ఊహ కాదని మనకు తెలుసు. ప్రభుత్వ జనరిక్ మందుల అన్న సంజీవిని దుకాణాల్లో ఎవరు ఏ మందు కొన్నారో పేర్లు, ఫోన్ నంబర్లతో ఒక ప్రభుత్వ వెబ్‌సైటులో కనబడుతున్నట్టు 2018లో బయటికొచ్చింది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు సైబర్ దాడికి మూతపడితే నర్సులు, డాక్టర్లు మళ్లీ కాగితం, పెన్ను పట్టారు. 2023 జూన్‌లో కొవిన్ వివరాలు టెలిగ్రామ్‌లో దొరుకుతున్నాయన్న వార్తలు వచ్చాయి, ప్రభుత్వం కాదంది. ఈ మూడు చోట్లా తప్పు క్షేత్రంలో జరగలేదు. అయినా ఊళ్లో జనం అడిగేది తమకు తెలిసిన నర్సమ్మనే.

ఇంకా తేలాల్సినవి

కొన్ని ప్రశ్నలు డబ్బుతో తీరతాయి: ఒకే మనిషి వివరాలను నాలుగు యాప్‌లలో కొట్టించకుండా ఒకేచోట కొట్టించడం, నెట్ లేనిచోట దాచుకుని తరువాత పంపే ఏర్పాటు, ప్రభుత్వమే ఫోను, సిమ్ము ఇవ్వడం. వీటికి నైతిక చర్చ అక్కర్లేదు, బడ్జెట్ చాలు.

మరికొన్ని శాసనం లేకుండా తీరవు. గర్భిణి మైనరైతే వైద్య రికార్డుకూ పోలీసు సమాచారానికీ మధ్య గోడ కట్టాలా, కడితే పిల్లల రక్షణ ఏమవుతుంది? దీని మీద పిల్లల హక్కుల సంఘాలూ ఆరోగ్య కార్యకర్తలూ నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు, రెండువైపులా గట్టి కారణాలున్నాయి. టెలి సంప్రదింపులో నర్సుకు కాదనే హక్కు ఎంతవరకు? 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. కొత్త కమిషన్ రాసే నియమావళిలో ఈ ప్రశ్నకు చోటుండాలని నర్సులు ఇప్పుడే అడగాలి.

డేటా రక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వాటిలో ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. డేటాను కాపాడటంలో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా, అది సంస్థకే. ఆ గడువు 2027 మే నెలలో ముగిసేలోపు రాష్ట్ర ఆరోగ్యశాఖ రాతపూర్వకంగా తేల్చాల్సింది ఒకటుంది. లద్దగిరిలోనో ప్యాలకుర్తిలోనో ఏఎన్ఎం సొంత ఫోనులో ఉన్న గర్భిణుల జాబితాకు బాధ్యులు ఎవరు? ఆమెనా, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరా, జిల్లా వైద్యాధికారి కార్యాలయమా, యాప్ తయారుచేసిన కంపెనీనా?